జెట్టీ అలవాటు

ఈ సాయంత్రం డిగ్నాబాద్‌లో మా ఇంట్లో, మనవరాలు గ్రేసీ కంప్యూటర్‌లో ఆన్‌లైన్ తుపాకుల ఆట జట్టు లేకుండా ఒంటరిగా ఆడాను. ఏరుకున్న సరుకుతో బోటెక్కి బయటపడాలి. చస్తే గ్రేసీ నెల్లాళ్లు ఆడి గెలుచుకున్న తుపాకీ కూడా పోతుంది. చెమటలు కక్కుతూ బోటెక్కాను. మీట నొక్కబోతుంటే ఇంకో ఆటగాడెవడో పరుగెత్తుకొస్తున్నాడు.

ముప్పైయేళ్లు జెట్టీలో బోట్ల తాళ్లు విప్పినవాణ్ణి. టిఫిన్ డబ్బాతో రొప్పుతూ వచ్చే టీచరమ్మ కోసం ఎన్నిసార్లు ఆపానో! అలవాటుకొద్దీ వాడికి వినబడేలా మైకులో అరిచాను.

"జల్దీ రా భయ్యా, బోటెళ్లిపోతాది!"

"తాతా, పాగల్ హో గయే క్యా? సోలోలో అందరూ దుష్మన్లే! కాల్చెయ్!" అంది పక్కనున్న గ్రేసీ.

వాడు ఎక్కి, తుపాకీ నామీదికే ఎత్తాడు. కాసేపు చూసి దించేశాడు.

"షుక్రియా, అంకుల్."

ఇద్దరం బయటపడ్డాం. తుపాకీ దక్కినా గ్రేసీ ఇంకా మూతి ముడుచుకునే ఉంది. మీరే చెప్పండి, మనిషి పరుగెత్తుకొస్తుంటే తాడెలా విప్పేది?