గోళ్ళ మేస్త్రి

“కత్తిరించుకోవాలంటే నీ గోళ్ళు కత్తిరించుకో! నా పిల్ల గోటి మీద నీ పెత్తనమేంటి?”

“అరవకే తల్లీ, వీధంతా వింటోంది.”

“విననీ! వినాలనే అరుస్తున్నా. పెంచమన్నదీ నువ్వే, తుంచిందీ నువ్వే. నెలన్నర ఈ వేలు నీళ్ళలో నాననివ్వకుండా, అంట్లు కూడా తోమనివ్వకుండా కాపాడుకొచ్చాను. ఇప్పుడు చేలో వాళ్ళు దీన్ని గట్టు మీదకు కూడా రానివ్వడం లేదు. హాస్టల్ బడికి తీసుకెళ్తే సీటు లేదు పొమ్మన్నారు. ఏం చెయ్యమంటావ్? అద్దాల బీరువాలో పెట్టి చూసుకోమంటావా?”

బండికి స్టాండు వేస్తూ గోడ ఇవతలే ఆగిపోయాను. గోడ నా ఛాతీ దాకా ఉంటుంది. అవతల కుళాయి దగ్గర నిండిన బకెట్టు పొంగిపోతున్నా ఎవరూ కట్టేయడం లేదు. తల్లి ఒక చేత్తో కూతురి మణికట్టు పట్టుకుని, ఆ పిల్ల బొటనవేలిని నలుగురికీ కనబడేలా పైకెత్తి ఉంచింది. పన్నెండేళ్ళ పిల్ల. పొడుగాటి జడ. తల ఎత్తడం లేదు. ఎదురుగా గోళ్ళ మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడింది.

“సీటు లేకపోవడమేంటి? లిస్టులో దీని పేరుంది.”

“ఏ లిస్టు? మీ కాలేజీ బాబు రాశాడే, అదేనా? పంతులమ్మ నా కళ్ళముందే కాగితాలన్నీ తిప్పింది. ఇది పనిచేసిన చేను ఎదురుగా సున్నా ఉంది. కోడిగుడ్డంత సున్నా!”

ఆ సున్నా పెట్టింది నేను.

అది ఎలా పెట్టానో చెప్పే ముందు ఈ గోళ్ళ మేస్త్రి సంగతి చెప్పాలి. విత్తనాల పత్తిలో పని మామూలు పత్తిలో పనిలా ఉండదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజు మధ్యాహ్నమే పట్టుకుని, బొటనవేలి గోటితో చుట్టూ గీరి, రేకుల్నీ వాటితోపాటు పుప్పొడి తొడుగునూ ఒలిచేయాలి. మధ్యలో ఉన్న సన్నటి కాడకు గోరు తగలకూడదు. మర్నాడు పొద్దున దానికి వేరే రకం పువ్వు పుప్పొడి అద్దాలి. గోరు పొట్టిదైతే తొడుగు ఊడి రాదు. మరీ పొడుగైతే కాడ తెగి మొగ్గ రాలిపోతుంది. బియ్యపు గింజలో సగం ఉండాలి, అదీ కొలత. పెద్దవాళ్ళ వేళ్ళు మోటు, నడుములు వంగవు. పిల్లలైతే మొక్క వాళ్ళ ఎత్తే ఉంటుంది కాబట్టి వంగే పని లేదు. అందుకని పిల్లలు.

ఈమె తన ఎనిమిదో ఏట తల్లి వెనకే చేలోకి వెళ్ళింది. చేతివాటం ఎలాంటిదంటే, ఈమె వరసలో రాలిన మొగ్గ ఒక్కటి కూడా కనబడేది కాదట. ఇరవై దాటకముందే మేస్త్రి అయింది. ఆ తర్వాత పాతికేళ్ళు, సీజను వచ్చిందంటే చాలు, ట్రాక్టరు ట్రాలీ ముందు పిల్లలు చేతులు చాపి వరసగా నిలబడేవాళ్ళు. ఈమె బొటనవేళ్ళు చూసుకుంటూ పోయేది. కొలతకు వచ్చిన వేలు ట్రాలీ ఎక్కేది, రానిది ఇంటికి పోయేది. బడిలో సోమవారం సోమవారం గోళ్ళ తనిఖీ. అక్కడ పెంచితే దెబ్బలు, ఇక్కడ తీస్తే పని పోతుంది. రెండు తనిఖీల్లో దేనికి భయపడాలో పిల్లలకు తొందరగానే తెలిసిపోయేది. సోమవారాలు బడి ఖాళీగా ఉండేది.

ఒకసారి కొత్తగా వచ్చిన మాస్టారు ఒకాయన తరగతిలో అందరి గోళ్ళూ తనే కూర్చుని కత్తిరించాడట. ఈమె బడికి పోయి గుమ్మంలో నిలబడి పోట్లాడింది. “నా పనిముట్లు పాడుచేస్తావా అన్నాను ఆయన్ని!” అని నాకు చెప్తూ పగలబడి నవ్వింది మొదట్లో ఒకసారి. నేనూ నవ్వాను. తర్వాత ఆమె నవ్వు మధ్యలో ఆపేసి, “పనిముట్లు అన్నాను చూడు” అని మళ్ళీ అని, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

నాలుగేళ్ళ క్రితం మేస్త్రిపని మానేసింది. చేలల్లోంచి పిల్లల్ని బడికి పంపే మా ఆఫీసుకు తనే నడిచి వచ్చి పని అడిగింది. మా వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి చట్టం గురించి చెప్తారు, బొమ్మల కాగితాలు పంచుతారు. జనం ఆ కాగితాల్ని అలమరాల్లో పరుచుకుంటారు. ఈమెకు అవేవీ రావు, చదువు రాదు. తాళాల గుత్తికి ఒక నెయిల్ కట్టర్ తగిలించుకుని తిరుగుతుంది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మాటా ఈ మాటా చెప్తూ, చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, టక్కుమని బొటనవేలి గోరు కత్తిరించేస్తుంది. మళ్ళీ కొలతకు రావాలంటే అయిదారు వారాలు. ఆలోపు సీజను చివరికొస్తుంది. అంతవరకూ ఆ పిల్లను ఏ మేస్త్రీ ట్రాలీ ఎక్కించడు. చట్టం చెయ్యలేనిది ఆ కట్టర్ చేస్తుంది. కానీ ఆమెకొక పద్ధతుంది. ముందు సీటు, తర్వాతే గోరు. హాస్టల్ బడిలో చోటు ఖాయం కాకుండా ఏ పిల్ల గోరూ ముట్టుకోలేదు ఇంతవరకూ.

ఈసారి ముట్టుకుంది. నా మాట నమ్మి.

హాస్టల్ బడిలో సీటు కావాలంటే, ఫలానా చేలో పనిచేస్తున్నట్టు మా సర్వే లిస్టులో పేరుండాలి. సర్వే చేసేది నేను. రెండో ఏడు కాలేజీ మానేసి ఇంటికొచ్చినప్పుడు మా నాన్న ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ ఆరు నెలలూ మా మేనమామ ఇంట్లోనే తిన్నాను, అక్కడే పడుకున్నాను. ఆయనది మూడెకరాల విత్తనాల పత్తి. చేలో పిల్లలు కనబడితే విత్తనాలు కొనేవాళ్ళు ఒప్పందం రద్దు చేస్తారు. సర్వే రోజు నేను వాళ్ళ వరండాలో కూర్చున్నాను. అత్త టీ ఇచ్చింది. మామ, “రాసుకో అల్లుడూ, మన చేలో పిల్లలెవరూ లేరు” అన్నాడు. వరండా నుంచి చేను వంద అడుగులు. మనుషులు కనబడలేదు, నిజమే. గాలి లేకుండా మొక్కలు మాత్రం వరసలు వరసలుగా కదులుతున్నాయి. టీ తాగి సున్నా పెట్టాను. వేడిగా ఉంది టీ, ఊదుకుంటూ మరీ తాగాను.

ఆ సాయంత్రం గోళ్ళ మేస్త్రి అడిగింది. “మీ మామ చేను రాశావా కాలేజీ?” నేను మానేసినా ఆమె నన్ను అలాగే పిలుస్తుంది.

“అన్నీ రాశాను పెద్దమ్మా.”

“పొడుగు జడ పిల్ల ఉంటుంది, దాన్ని కూడానా?”

“అన్నీ అన్నానుగా!”

విసుక్కున్నాను కూడా. అబద్ధమాడేటప్పుడు విసుక్కుంటే ఎదుటివాళ్ళు ఇంక అడగరని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

గోడ అవతల గొంతులు తగ్గాయి. “తప్పు నాదే” అంటోంది గోళ్ళ మేస్త్రి. “సీటు కళ్ళతో చూసుకోకుండా కట్టర్ తీశాను. నాదే తప్పు.”

“తప్పు నీదైతే దీని గోరు తిరిగొస్తుందా? సీటొస్తుందా? చిన్నప్పుడు నన్నూ ఇలాగే చేశావ్. అప్పుడు ట్రాలీ ఎక్కించావ్, ఇప్పుడు దించావ్. మా ఇంట్లో ఆడపిల్లల బొటనవేళ్ళు నీ సొంతమనుకున్నావా?”

ఆ పిల్ల మెల్లగా చెయ్యి విడిపించుకుని, వంగి, కుళాయి కట్టేసింది. ముగ్గురిలో అక్కడ పనికొచ్చే పని చేసింది అదొక్కతే. నేను ఏం చేశానో చెప్తాను. స్టాండు తీసి, ఇంజను వెయ్యకుండా, బండిని వెనక్కి తోసుకుంటూ పోబోయాను.

“ఎప్పటినుంచున్నావ్ ఇక్కడ?” గేటు దాటి వచ్చేసింది గోళ్ళ మేస్త్రి.

“ఇప్పుడే.”

“సున్నా దగ్గర్నుంచా, అంతకుముందు నుంచా?”

బండి తోస్తూనే ఉన్నాను. ఆమె నా పక్కనే నడిచింది. మూసి ఉన్న కిరాణా కొట్టు మెట్ల దగ్గర బండి ఆపాక, కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంది. చెప్పేశాను అంతా. టీ సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“లిస్టు సరిచేయడానికి రేపు సాయంత్రం దాకా గడువుంది పెద్దమ్మా” అన్నాను తొందరతొందరగా. “దాని పేరు ఒక్కటీ పక్క చేను కింద కలిపేస్తాను. సీటొచ్చేస్తుంది. ఎవరికీ తెలీదు.”

“పక్క చేను ఎవరిది?”

“ఆ ముసలాయనది. భార్యాభర్తలే చేసుకుంటారు.”

“పిల్లల్ని పెట్టుకోడు కదూ ఆయన?”

“పెట్టుకోడు.”

“మంచివాడు కాబట్టి ఆయన పేరు చెడగొడతావ్.” నిదానంగా, లెక్క అప్పజెప్పినట్టు అంది. “మరి మిగతా పదిమంది?”

“పదిమందేంటి?”

“మీ మామ చేలో పదకొండు మంది పిల్లలున్నారు. దీని పని పోయింది గనక ఇప్పుడు పదిమంది. నువ్వు వరండాలోంచి చూశావ్, నేను రోడ్డు మీంచి చూశా. మొక్కలు ఎన్ని చోట్ల కదులుతున్నాయో చూసి పిల్లలెందరో చెప్పగలను. అది నా విద్య.”

“ఆయన నాకు అన్నం పెట్టాడు పెద్దమ్మా. ఇది రాస్తే ఆయన ఒప్పందం పోతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లోకి ఏ మొహం పెట్టుకుని పోను?”

ఆమె గేటు వైపు చూపించింది.

“ఇందాక నన్ను దులిపేసిందే, దాన్ని తొమ్మిదో ఏట ట్రాలీ ఎక్కించింది నేనే. నాలుగేళ్ళ కింద ఇదే కుళాయి దగ్గర నన్ను పిలిచి, కూతురి చెయ్యి పట్టుకుని చూపించింది. అప్పటికి ఎనిమిదేళ్ళు దానికి. ‘చూడు మేస్త్రమ్మా, నీ కోసమే పెంచాను దీని గోరు’ అంది. మొహం వెలిగిపోతోంది. బడిలో ఫస్టు వచ్చిందని చెప్తారే, అలా. నేనేమన్నానో తెలుసా?”

“ఏమన్నావు?”

“చెయ్యి పట్టుకుని, ఎండకు పెట్టి చూసి, ‘ఇంకొంచెం పెరగాలే, పై వారం తీసుకురా’ అన్నాను. అనేసి నీళ్ళు పట్టుకుని ఇంటికొచ్చా. బిందె దించాక కూర్చుండిపోయా. నా చేతికింద పెరిగిన పిల్ల, తన పిల్లను నాకోసం పెంచిందిరా. నేనేమో కొలత చెప్పొచ్చాను. దాని పేరేంటని కూడా అడగలేదు. పాతికేళ్ళలో ఎవ్వరినీ అడగలేదు. వేళ్ళు గుర్తున్నాయి, మొహాలు లేవు.”

బండికి స్టాండు వేసి నేనూ మెట్టు మీద కూర్చున్నాను.

“ఆ పై వారం నేను ట్రాలీ దగ్గరకు వెళ్ళలేదు. ఆ పిల్ల మాత్రం ఇంకో మేస్త్రి ట్రాలీ ఎక్కింది. మొహం ఎలా చూపించాలంటావా? ఈ వీధిలో ఏ తలుపు కొట్టినా తీసేది నేను ట్రాలీ ఎక్కించిన పిల్లే. రోజూ కొడుతున్నా. తిడుతున్నారు. తిట్టాక కొందరు లోపలికి రమ్మంటున్నారు, కొందరు తలుపేస్తున్నారు. బతికే ఉన్నాగా!”

లేచింది. లేవడానికి నా భుజం పట్టుకుంది. ఆమె బొటనవేలు అక్కడ గట్టిగా ఒత్తుకుంది.

“ఒకటి అడుగుతా. చేస్తావా కాలేజీ?”

“చెప్పు.”

“రేపు పొద్దున్నే నన్ను బండెక్కించుకుని మీ మామ ఇంటికి తీసుకెళ్ళు. నువ్వు వరండా ఎక్కకు. టీ ఇస్తారు, తాగకు. తిన్నగా వరసల్లోకి పో. పదిమందినీ ఒక్కొక్కళ్ళ ముందు నిలబడి పేరడుగు, ఇంటిపేరు అడుగు, మొహం చూసి రాసుకో. దీంతో కలిపి పదకొండు పేర్లూ మీ మామ పేరు కిందే పెట్టు. ఆయన అరుస్తాడు. నా మీద అరవనీ, నేను పడతా. నువ్వు మాత్రం ఫోనొచ్చిందని చెప్పి మధ్యలో పక్కకు పోకు నాయనా.”