మూడేండ్లా, నాలుగేండ్లా

ఇంటర్ అయిపోయే ఏడు నాకు రెండు దేశాల్ల సీటొచ్చింది. బ్రిటన్‌ల డిగ్రీ మూడేండ్లు, మొదటి రోజు నుంచి ఫిజిక్సే. అమెరికాల నాలుగేండ్లు, మొదట్ల చరిత్ర, సంగీతం లాంటివి కూడా చదివి, ఫిజిక్స్ సంగతి తర్వాత ఖాయం చేసుకోవచ్చు.

అప్పుడు మేం కిష్టారెడ్డిపేటల కిరాయికి ఉండేటోళ్లం. అమ్మ సంగారెడ్డిల తెలుగు టీచరు. ఆమెకు అమెరికానే నచ్చింది.

"మధ్యల ఫిజిక్స్ మీద మనసు విరిగితే ఏం జేస్తవ్? అక్కడైతే మారొచ్చు గదా," అన్నది.

"విరగదమ్మా."

"గట్లెట్ల జెప్తవ్? నీ వయసుల నేను డాక్టరైతననుకున్న."

ఆ సంగతి నాకు అప్పటిదాక తెల్వదు. ఎందుకు కాలేదని అడిగిన. బైపీసీల కప్పను కోస్తుంటే కండ్లు తిరిగి పడ్డదట, తర్వాత తెలుగుకు మారిందట. నవ్వుకుంటనే చెప్పింది.

"మారినందుకే మంచిగున్న," అన్నది.

నాకు మాత్రం బ్రిటన్ వాళ్ల ఇంటర్వ్యూనే యాదికొస్తుండె. వాళ్లిచ్చిన లెక్క తప్పు చేసిన. తప్పెక్కడుందో అందరం కలిసి వెతుకుతుంటే టైమే తెల్వలేదు. అందుకే బ్రిటన్‌కే పోయిన.

రెండో ఏడు ల్యాబంటే విసుగొచ్చింది. సబ్జెక్టు మారే వీలు లేదు. ఫోన్‌ల అమ్మకు చెప్పిన. ముందే చెప్పిన గదా అని ఆమె అనలేదు.

"మొత్తం నచ్చుతలేదా, ల్యాబేనా?" అని అడిగింది.

ఆలోచిస్తే ల్యాబ్ ఒక్కటే. ఆఖరి ఏడు థియరీ పేపర్లే ఎక్కువ తీసుకొని డిగ్రీ పూర్తి చేసిన.