పళ్ళెంలో సేనాధిపతి

నా పుస్తకాల బీరువాలో, నిఘంటువుల ముందు, ఒక చిన్న స్టీలు పళ్ళెం ఉంటుంది. అందులో తెల్లగుర్రమెక్కిన ఫ్రెంచి సేనాధిపతి ఒకడుంటాడు. నెపోలియన్ కాలపు మనిషి. ఎత్తు నా బొటనవేలంత, ఠీవి విధానసౌధమంత. పళ్ళెంలో ఎందుకు పెట్టారని ఇంటికొచ్చిన ప్రతివాడూ అడుగుతాడు. ఆయన ఖైదులో ఉన్నాడని చెబుతాను. నవ్వేసి కాఫీ తాగుతారు.

ఆయన్ని ఖైదులో పెట్టింది నా స్నేహితుడు. కె.ఆర్.పురంలో బడిపిల్లల యూనిఫారాల దుకాణం ఆయనది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద కాబట్టి అన్నా అని పిలిచేవాణ్ణి. ఒక బొమ్మల కొట్లో మిగిలిన ఒకే ఒక్క సైనికుల పెట్టె మీద ఇద్దరం ఒకేసారి చెయ్యి వేశాం. అప్పటినుంచీ శత్రువులం. ప్రతి ఆదివారం ఆయన భోజనాల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, సీసపు బొమ్మల్ని బారులు తీర్చి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి యూరప్ భవిష్యత్తు తేల్చేవాళ్ళం. ఆయన భార్య, మా వదిన, అన్నం వండే వేళకి సామ్రాజ్యాలు కూలిపోయి బల్ల ఖాళీ అయ్యేది.

నేనుండే బెళ్ళందూరు నుంచి కె.ఆర్.పురం వెళ్ళడం మాటలు కాదు. నెపోలియన్ సైన్యాలు రష్యా మీదికి వెళ్ళినట్టే ఉంటుంది. వాళ్ళకి దారంతా మంచు, నాకు దారంతా మెట్రో తవ్వకాలు. అంత సాహసం చేసి మొదటి ఆదివారం నా దళాన్ని మోసుకెళితే, గడపలోనే ఆపేశాడు. నేను బొమ్మలకి బూడిదరంగు ప్రైమర్ కొట్టి ఊరుకున్నాను, పై రంగులు వెయ్యలేదు.

“ఏమప్పా, వీళ్ళు యుద్ధానికొచ్చినారా, సిమెంటు పనికొచ్చినారా? రంగు లేనోడు నా బల్ల మీద నిలబడేదానికి లేదు,” అన్నాడు. వదినని అడిగి ఒక స్టీలు పళ్ళెం తెప్పించి, నా దళం మొత్తాన్నీ అందులో కూర్చోబెట్టాడు. ఆ పూట నేను ఆయన అప్పిచ్చిన ఆస్ట్రియా సైనికులతో, ఫిరంగులు లేకుండానే యుద్ధం చేశాను. ఎంత ఘోరంగా ఓడానంటే, ఆస్ట్రియా దేశం నన్ను ఇప్పటికీ క్షమించి ఉండదు.

ఆయన బొమ్మలు మాత్రం చూడాలి. కోటు అంచున దారమంత ఎర్రగీత, గుండీకొక్క మెరుపు. కుంచె పట్టుకుంటే ఊపిరి బిగబట్టేవాడు. ఆయన ఊపిరి బిగబడితే వీధిలో ఆటోలు కూడా హారన్ మానేసేవని నా గట్టి నమ్మకం.

తరవాత ఆయనకి చేతి వణుకు వచ్చింది. మొదట పాచికలు వేసేటప్పుడు కనపడింది. చేతిలోంచి వాటంతట అవే రాలేవి. నా అదృష్టం తగ్గించడానికి కొత్త ఎత్తుగడ వేశావా అని ఎగతాళి చేశాను. ఆయనా నవ్వాడు. డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పాక ఇద్దరం ఆ హాస్యం మానేశాం.

అదే నెలలో ఆయన ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన సేనాధిపతి బొమ్మ వచ్చింది. ప్రైమర్ కొట్టి, పట్టుకోవడానికి వీలుగా మాత్రల డబ్బా మూత మీద అంటించి, అక్కడే ఆగిపోయాడు. నేను రంగు వేసిపెడతానంటే ఒప్పుకోలేదు. పోనీ రంగు లేకుండానే ఆడదాం, నాకేమీ అభ్యంతరం లేదన్నాను.

“నీకు లేకుంటే? నాకుండాది,” అన్నాడు. సేనాధిపతిని తీసి పళ్ళెంలో పెట్టాడు.

ఆయనకి కావలసింది ఒక్కటే, ఆ మనిషిని తన చేత్తో బల్ల మీదికి ఎక్కించడం. చాలా వారాలు యుద్ధం మాని ఆ పనే పెట్టుకున్నాం. ఆయన మణికట్టుని దిండు మీద ఆనించి కుంచె పట్టేవాడు. కుంచె ఆగేది కాదు. అందుకని నేను బొమ్మని కదిపేవాణ్ణి. ఆ వణుకుకి ఒక తాళం ఉంది. కుంచె ఇటు వచ్చినప్పుడు సేనాధిపతినీ ఇటు జరపాలి, అటు పోయినప్పుడు అటు జరపాలి. ఇద్దరు నడివయసు మగాళ్ళు ముక్కూ ముక్కూ ఆనేటంత దగ్గరగా కూర్చుని చేసే ఆ సర్కసు చూడలేక వదిన వంటింట్లోకి వెళ్ళిపోయేది. నవ్వు ఆపుకోవడానికని అప్పట్లో అనుకున్నాను.

“ఏమప్పా, గుర్రం నడిపేది నువ్వా, ఆయప్పా?” అనేవాడు నా స్నేహితుడు.

ఒక కనుబొమ టోపీ దాకా ఎగబాకింది. కాలరు మీది బంగారం చెవి మీదికి పాకింది. తుడిచేద్దామని నేను గుడ్డ తీస్తే ఆపాడు.

“ఉండనీ. అంత పెద్ద జనరలు, చెవిపోగు పెట్టుకునే స్తోమత ఉండాది ఆయప్పకి.”

చివరికి గుర్రం వెనక కాలొకటి మిగిలింది. ఆ ఆదివారం ఆయన చెయ్యి బాగా అలిసిపోయింది. కుంచె కడిగి పక్కన పెట్టాడు. మూడు కాళ్ళతోనైనా సరే ఇవాళ దింపుదామని నేను బతిమాలాను. ఆకుపచ్చ గుడ్డ కూడా పరిచాను. ఆయన దాన్ని జాగ్రత్తగా మడత పెట్టి, సేనాధిపతిని మళ్ళీ పళ్ళెంలో కూర్చోబెట్టాడు.

“సుమ్నే ఉండప్పా, తొందరేల. ఒక కాలేగదా, వచ్చే వారం చూద్దాం.”

వారం తిరగకముందే జ్వరమొచ్చింది. అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆస్పత్రి నుంచి ఆయన ఇంటికి రాలేదు. ఇక్కడ ఇంకేదైనా కలిపి పెద్దది చేసి చెబుదామంటే నాకు చేతకావడం లేదు.

కర్మకాండలన్నీ అయ్యాక వదిన ఆ పళ్ళేన్ని, సేనాధిపతితో సహా, నా చేతిలో పెట్టింది.

“దీన్ని ఎవురినీ ముట్టనీలేదప్పా ఆయన. ఒక కాలు మిగిలిందని ఆస్పత్రిలో కూడా అంటా ఉండె. నీకాడ పెట్టుకో.”

రెండు నిమిషాల పనే కదా, ఆ కాలికి కాస్త తెలుపు పూసేయకూడదా అని మా ఆవిడ అడుగుతుంది. నిజమే. ఒకరోజు తెల్లరంగు మూత తీశాను కూడా. ముందు ఒక విరిగిన బొమ్మ మీద, చెయ్యి వణికించి గీత గీసి చూశాను. మళ్ళీ గీశాను. మోచెయ్యి గాల్లో పెట్టి గీశాను, ఎడమచేత్తో గీశాను. వంకర అయితే వచ్చింది కానీ, అది నేను తెచ్చిపెట్టుకున్న వంకర. ఆ తాళం దానికి లేదు.

మూత బిగించేశాను. గుర్రం కాలు బూడిదరంగులోనే ఉంది. అందుకని సేనాధిపతీ పళ్ళెంలోనే ఉన్నాడు, చెవిపోగు పెట్టుకుని, ఒక కనుబొమ ఎగరేసి, నిఘంటువులకి వీపు తిప్పి.