శుక్రవారం నాటి బందరు

బందరు చూడదగ్గ ఊరే. తిండి బాగుంటుంది, సముద్రం ఉంది, మనుషులు మర్యాదగానే మాట్లాడతారు. సూర్యాపేట నుంచి ఎవరైనా వెళ్ళదలిస్తే దారి చెప్తాను. నేను చేసిన పని మాత్రం చేయకండి.

మేం బయల్దేరింది సముద్రం కోసం కాదు. నా భార్య అనసూయకు ఒక్కతే అక్క, వరాలమ్మ. ఆమెను బందరులో కోర్టు గుమాస్తా సాంబయ్యకిచ్చారు. నాలుగేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో బంతి భోజనాల దగ్గర ఈ సాంబయ్య, "మా తోడల్లుడి మాటలో తెలుగెంతో తురకమెంతో తూకం వెయ్యాలండోయ్!" అన్నాడు. బంతంతా పకపకా నవ్వింది. నేను విస్తరి ముందునుంచి లేచి వచ్చేశాను. ఆనాటి నుంచి అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అనసూయ ఏడుపు చూడలేక చివరికి నేనే ఉత్తరం రాశాను: "వచ్చే వారం సెలవునాడు మీ ఊళ్ళో రైలుస్టేషను పక్క సత్రంలో ఉంటాం. మనసుంటే అక్కను తీసుకొని రండి." పిలవనిదే వాళ్ళ గడప తొక్కేది లేదని నా పంతం. తేదీ వేయలేదు. మా నిజాం రాజ్యంలో తేదీలన్నీ ఆజూరు, దై అనే నెలల పేర్లతో ఫసలీ లెక్కలో నడుస్తాయి. అది చూసి ఆయన మళ్ళీ నవ్వుతాడేమోనని, తెలివిగా సెలవునాడు అని రాసి ఊరుకున్నాను.

నేను పాఠాలు చెప్పే బడి బేస్తవారం ఒంటిపూటే. శుక్రవారం ఎటూ సెలవు, శనివారానికి బతిమాలి ఒక్కరోజు తెచ్చుకున్నాను. పన్నెండున్నరకు బొగ్గుతో నడిచే బస్సు ఎక్కాం. కోదాడలో దిగాల్సిన ముసలమ్మ ఒకామె అనసూయ పక్కన కూర్చుంది. "సముద్రం కాడికి పోతున్నవా బిడ్డా? ఆ నీళ్ళు ఉప్పగుంటయంట. ఇన్ని పట్టుకరా, పప్పులకు పనికొస్తయి," అంది. అనసూయ చాలా రోజులకు నవ్వింది. "మా అక్కను సూడనీకి పోతున్న అవ్వా," అని చెప్పింది.

కోదాడ దాటాక సరిహద్దు నాకా దగ్గర మూటలు విప్పి చూపించాలి. మన హాలీ రూపాయలు అవతల చెల్లవు కనుక ముందే ఇంగ్లీషువాళ్ళ కలదారు రూపాయల్లోకి మార్చుకోవాలి. బెజవాడ చేరేసరికి ఏడయింది. మర్నాడు అయిదున్నర రైలుకు బయల్దేరి తొమ్మిదికల్లా బందరులో దిగాం.

సత్రం అరుగు మీద పన్నెండు దాకా కూర్చున్నాం. జట్కా చప్పుడైతే చాలు, అనసూయ లేచి నిలబడేది. ఎవరూ రాలేదు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు రాకపోతే మనం తిండి మానుతామా అని ఆమెను భోజన హోటలుకు లాక్కుపోయాను. అరిటాకు, కందిపొడి, గోంగూర, చేతికి జిడ్డు వదలనంత నెయ్యి. కసికొద్దీ రెండోసారి వడ్డించుకున్నాను. అనసూయ మజ్జిగన్నం కలిపి, అలాగే ఆకు మడిచింది.

రెండింటికి జట్కా మాట్లాడుకొని, చిలకలపూడిలో పాండురంగడి దర్శనం చేసుకొని, మంగినపూడి వెళ్ళాం. ఒడ్డంతా నల్లమట్టి, నీళ్ళలో చాలా దూరం నడిచినా మోకాలు దాటదు. నేను లోపలికి నడిచాను. ఆమె జట్కా దగ్గరే నిలబడి, "తొందరగ పోదాం రాండ్రి, అక్క వచ్చిందేమో," అని కేకేస్తూనే ఉంది. ఏడింటికి తిరిగొస్తే సత్రం కాపలాదారు "ఎవరూ రాలేదండీ," అన్నాడు.

శనివారం పొద్దున ఆరున్నరకు మూట సర్దేశాను. కాపలాదారును పిలిచి, "ఎవరైనా మాకోసం వస్తే, వాళ్ళ చుట్టరికం మాకు అక్కర్లేదని చెప్పు. ఇక చచ్చినా బతికినా కబురు పంపొద్దన్నారని చెప్పు," అన్నాను.

"గంత మాటెందుకు?" అని అనసూయ నా చొక్కా పట్టి లాగింది. "ఇంకో పూట సూద్దాం."

"ఎంత సూస్తవ్? నడువ్ నడువ్," అన్నాను.

"అలాగేనండీ, ఆ ముక్కే చెబుతాను," అన్నాడు కాపలాదారు.

రైలు గుడివాడలో ఆగినప్పుడు ఎదురు బెంచీ మీదికి ఒక వకీలు గుమాస్తా వచ్చి కూర్చున్నాడు. కడుపుమంట ఆగక ఆయనకంతా చెప్పాను. "నిన్న కోర్టుకు సెలవే గదా, గడప దాటి రాలేకపోయాడా?" అన్నాను.

ఆయన వింతగా చూశాడు. "శుక్రవారం సెలవేమిటండీ? మాకు సెలవు ఆదివారం కదా. మీవాళ్ళు రేపొస్తారు."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సెలవంటే నాకు, మా రాజ్యానికంతటికీ, జుమ్మా శుక్రవారమే. ఇంకో లెక్క ఉంటుందని తోచనే లేదు.

"వచ్చే స్టేషన్లో బందరు బండి ఎదురవుతుంది. దిగిపోండి, మించిపోయిందేమీ లేదు," అన్నాడాయన.

బండి ఆగేసరికి అనసూయ మూట చంకన పెట్టుకొని తలుపు దగ్గరుంది. "రాండ్రి! జల్ది రాండ్రి!"

"రేపు బడి ఉన్నది. కొలువు పోతది," అన్నాను.

ఒక్క ఆదివారం బడికి పోకపోతే కొలువు పోదు. దిగితే ఆ కాపలాదారు ముందు నా మాట నేనే మింగాలి. సాంబయ్య ముందు నిలబడి మా సెలవు శుక్రవారమని చెప్పాలి. అప్పుడాయన నవ్వే నవ్వు నాకు బండిలోనే వినిపించింది. నేను కదల్లేదు. ఎదురుబండి వెళ్ళిపోయింది. అనసూయ వచ్చి కూర్చొని, మూట ఒళ్ళో పెట్టుకుంది.

బెజవాడలో తంతి ఆఫీసు ముందునుంచే బస్సుకు నడిచాం. సత్రానికి ఒక్క తంతి కొడితే ఆ మాట ఆగేది; అప్పుడైనా ఆగలేదు నేను, ఛీ. కోదాడలో బస్సు పావుగంట ఆగింది.

"చాయ్ తాగుతవా?" అని అడిగాను.

"రేపు పొద్దుగాల మా అక్క గా మాట వింటది," అంది.

ప్రయాణం సాఫీగానే సాగింది. రైళ్ళు వేళకు నడిచాయి, సముద్రం చూశాను, తిండికి లోటు లేదు. ఆదివారం పొద్దున బడి గంట కొట్టేటప్పటికి నేను తరగతిలో ఉన్నాను.