పడవ మీద కుడికాలు

మొన్న మా చిన్న కోడలు ఫోను చేతబట్టుకుని ఒకటే రుసరుసలాడుతుంటే ఆఫీసు గొడవేమో అనుకుని అడిగాను. కాదట, ఎనిమిది భాగాల మాయామంత్రాల నవల ఏదో చదువుతోందట, నాలుగో భాగంలో రచయిత అందరినీ అడవిలో వదిలేసి చేతులు దులుపుకున్నాడట, ఫోనులోని చదువరుల గుంపులో సగం మంది ఐదు నక్షత్రాలూ సగం మంది ఒక్క నక్షత్రమూ ఇచ్చి కొట్టుకుంటున్నారట. ఇంకా నాలుగు భాగాలున్న కథ మీద ఇంత కోపమేమిటత్తమ్మా అని చివరికి నన్నే అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే గుండె కలుక్కుమంది కూడా, ఎందుకంటే ఒక మూడో భాగం మా ఇంట్లో పెట్టిన చిచ్చు ఇంతా అంతా కాదు, అందులో ఎవరి మాట సరైనదో నాకు ఆనాడూ తెలియలేదు, ఈనాడూ తెలియదు.

అప్పట్లో సూర్యాపేటలో మాకు చిన్న ఫ్యాన్సీ షాపు ఉండేది. మా ఆయన ముందువైపు గాజులూ రిబ్బన్లూ అమ్మితే, వెనకగోడకున్న రెండు అరల్లోంచి నేను నవలలు అద్దెకిచ్చేదాన్ని. మన వయసువాళ్ళకు చెప్పాలా, దళసరి అట్ట వేసి దారంతో కుట్టిన ఆ పుస్తకాలకు పసుపు మరకలూ టీ మరకలూ, ఎవరో పెన్నుతో రాసిన తిట్లూ ఉండేవి, నాకైతే కొన్నిసార్లు కథకన్నా ఆ తిట్లే బాగుండేవి. టీవీ సీరియళ్ళ దెబ్బకు అద్దె షాపులు ఒక్కొక్కటే మూతపడుతున్న ఆ రోజుల్లో, ఐదు భాగాలుగా వస్తుందన్న జానపద నవల ఒకటి మా అరల్ని బతికించింది. అందులో రాజు ఒక మాయలమారి మాట విని రాణిని నిండు కొలువులో అవమానిస్తే, రెండో భాగం చివర ఆమె కోట దిగి వెళ్ళిపోతుంది. మూడో భాగం ఎప్పుడమ్మా, ఎప్పుడమ్మా అని జనం నన్ను కాల్చుకుతిన్నారు.

తీరా వచ్చాక చూస్తే అందులో యుద్ధం లేదు, మాయలమారి లేడు, రాజు కూడా ఉన్నాడంటే ఉన్నాడు. పుస్తకం పొడుగునా రాణి ఏటి ఒడ్డున పడవలవాళ్ళ పల్లెలో వలలు బాగుచేసుకుంటూ, గొర్రెలు కాసుకుంటూ ఉంటుంది. ఆఖరికి రాజు తాను రాకుండా మంత్రికి పడవ ఇచ్చి పంపిస్తాడు. రాణి ఒడ్డుకు వచ్చి పడవ అంచు మీద కుడికాలు మోపింది అని ఒక వాక్యం, దాని కింద సశేషం.

ఇక చూసుకోండి! కమీషన్ దుకాణం షావుకారొకాయన, కత్తి దూయని పుస్తకానికి కిరాయేందమ్మా అని గల్లా ముందర నిలబడి గొడవపడ్డాడు. మోతె నుంచి వచ్చే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, వాళ్ళింట్లో తాతలనాటినుంచీ గొర్లే, ఆయనకు రాణి గోలే పట్టలేదు, వరదలో ఏరు దాటించిన మంద ఏమైందో రాయలేదని బాధ. "గొర్లు ఒడ్డెక్కినయా, కొట్టుకపోయినయా? గది రాయకుంటే ఎట్లమ్మా?" అని నన్నే నిలదీస్తే, నేను పేజీలు వెనక్కి తిరగేసి చూశాను, నిజమే, రచయిత మందను ఏట్లో దింపి మరిచిపోయాడు. కాలేజీ ఆడపిల్లలు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ తెచ్చిచ్చి, అన్నిట్లోకీ ఇదే మంచి భాగం అన్నారు. నాకైతే పొద్దున బాగుందనిపించేది, సాయంత్రానికి మోసపోయాననిపించేది.

షాపు గోల షాపులోనే ఉంటే నవ్వుకుని ఊరుకునేదాన్ని. కానీ ఆ పుస్తకం వచ్చేనాటికి మా అక్క మా ఇంట్లో ఉంది. మిర్యాలగూడలో బావవాళ్ళకు రైసుమిల్లు, మిల్లు ముందరి బియ్యం దుకాణంలో గల్లా దగ్గర పెళ్ళైన కొత్తలోంచీ అక్కే కూర్చునేది, బేరం చేయడమంటే దానికి పండగ. అలాంటిది, చదువు అయిపోయి మరిది ఇంటికొచ్చిన రోజున, బావ గిరాకీలందరి ముందరా "ఇగ నువ్వు లోపలికి పో, తమ్ముడు కూసుంటడు" అన్నాడట. అక్క లేచి, ఒక్క సంచితో సూర్యాపేట బస్సెక్కింది. బావ తిట్టే మనిషి కాదు, చెయ్యెత్తే మనిషి అసలే కాదు, అదే వచ్చిన చిక్కు, విన్నవాళ్ళందరూ గింత మాటకేనా అన్నవాళ్ళే. ఆయనే వచ్చి, గల్లా నీదే, రా అని పిలిస్తే పోతానంది అక్క. బావ ఈ పెద్దమనిషినీ ఆ పెద్దమనిషినీ పంపించేవాడు గానీ తాను మాత్రం కదిలేవాడు కాదు.

అలాంటప్పుడు ఆ పుస్తకం దాని చేతికి నేనే ఇచ్చాను, పొద్దుపోతుందని. చదివి మూసి, "ఎక్కిందంటవానే?" అని అడిగింది. అడిగింది రాణి సంగతే, కానీ ఎవరి సంగతో ఇద్దరికీ తెలుసు. నేను తడుముకోకుండా ఎక్కిందన్నాను, కోడలు అత్తగారింటి గడప దాటేది కుడికాలితోనే కదా, రచయిత కుడికాలని ఊరికే రాస్తాడా అన్నాను. అక్క లేకుండా షాపూ ఇల్లూ బోసిపోతాయని నాకు లోపల దిగులే, అయినా దాని కాపురం నిలబడాలని అంతకన్నా ఎక్కువ ఆరాటం.

ఆ ఆదివారమే కోదాడ నుంచి మా వదిన దిగింది. వదిన పుట్టిల్లు కృష్ణ ఒడ్డున, మాట కూడా అటువైపుదే. ఆమె నా మాట వింటూనే ఫక్కున నవ్వి, "అదేంటమ్మా, ఎక్కేవాళ్ళు పడవలో కాలు పెడతారు గానీ అంచు మీద మోపుతారా? పడవని నీళ్ళల్లోకి నెట్టేవాళ్ళు కదా అలా మోపేది! మంత్రిగారిని వచ్చిన దారినే పంపేసింది మారాణి" అంది. నాకు ఒళ్ళు మండింది. నువ్వు పడవలు చూశావు గానీ పెళ్ళిళ్ళు చూడలేదా అన్నాను. మోపింది అన్న ఒక్క మాట పట్టుకుని ఇద్దరం అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నాం, అక్క పేరు ఎత్తకుండానే అక్కను చెరోవైపూ లాగాం. అది మా మధ్యన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే ఉంది. దాని మొహం చూస్తే వదిన మాటే నిజమనిపించేది, పక్కగదిలోకి వెళ్ళగానే మళ్ళీ నాదే నిజమనిపించేది.

కొన్నాళ్ళకు ఆ మరిదే కారు తీసుకుని వచ్చాడు. అక్క చీర మార్చుకుని, సంచి తీసుకుని కారెక్కింది. నేను గెలిచానని కోదాడకు ఫోను చేసి మరీ చెప్పాను. తీరా వారం తిరక్కుండా తెలిసిందేమిటంటే, అది ఇంటిదాకా పోనేలేదు, బజార్లోనే కారాపించి దిగి, మిల్లుకు ఎదురుగా ఒక షట్టరు కిరాయికి తీసుకుని, వేరే మిల్లు బియ్యం తెప్పించి సొంతంగా దుకాణం తెరిచింది! పండుకునేది కూడా ఆ బస్తాల వెనకే. మిర్యాలగూడంతా నోళ్ళు నొక్కుకుంది. బావకు తలెత్తుకునే దారి లేకపోయింది. ఆఖరికి వానలు పడుతుండగా ఒకనాడు ఆయన రోడ్డు దాటి వచ్చి, గిరాకీలు కూర్చునే బల్లమీద కూర్చుని, "ఇంటికి పోదాం పా, దుకాణం నీదే ఉంచుకో" అన్నాడట. అక్క ఇంటికి పోయింది, దుకాణం మాత్రం మూయలేదు. బావ మిల్లు బియ్యం కూడా అమ్మేది, ధర కుదిరితేనే. చూశావా నెట్టేసింది అని వదిన, మరి ఇల్లు చేరలేదా అని నేను.

నాలుగో భాగం వచ్చాక చూస్తే అది రాణిగారి కొడుకు పెద్దవాడయ్యాక మొదలైంది, పడవ ఊసే లేదు, గొర్రెల ఊసు అంతకన్నా లేదు. మోతె పెద్దమనిషి దండం పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఉండబట్టలేక ఆ పుస్తకం పట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. నువ్వైనా చెప్పవే, ఎక్కిందా నెట్టిందా అని అడిగితే, అక్క బియ్యం తూచడం ఆపకుండానే, "కాలు మోపేటప్పుడు ఆమెకు మాత్రం ఏం ఎరుకనే? మోపినంక ఎరుకైతది" అంది. అక్కడున్నంతసేపూ అర్థమైనట్టే ఉంది, బస్సు సూర్యాపేట చేరేసరికి మళ్ళీ అయోమయం.

ఐదో భాగం రానేలేదు. మేము అరలు తీసేసి సెల్‌ఫోను కవర్లు పెట్టుకున్నాం, తర్వాత బావ పోయాడు, ఆ తర్వాత అక్కా పోయింది. ఇప్పుడు మా కోడలికి అడవిలో తప్పిపోయినవాళ్ళ గతి ఏమవుతుందో తర్వాతి భాగాలు ముందే చదివేసినవాళ్ళు గుంపులో ఎవరో ఆ రోజే చెప్పేశారట, కోపం తీరిపోయింది, ఇంకో పుస్తకం మొదలుపెట్టింది. మంచిదే. మాకు చెప్పేవాళ్ళు లేక ఒక్క మాట మీద ఏళ్ళకేళ్ళు కొట్టుకున్నాం, ఎవరికీ ఏదీ తేలని ఆ గందరగోళంలోనే అక్క తన దారి తాను చూసుకుంది.

పోయినవారం వదిన ఫోను చేసి, పెద్దదైపోయింది కదా, గొంతు కూడా వణుకుతోంది, "నువ్వన్నదే నిజమేమోనమ్మా, పాపం ఎక్కే ఉంటుంది" అంది. ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే కొట్లాడినదాన్ని, సరేననాలా వద్దా! ఎక్కడం ఏమిటి, నెట్టేసిందని నువ్వే కదా చెప్పావు, మాట మారుస్తావా అని ఎదురు తిరిగాను. ఇద్దరం ఒకే మాట అనేస్తే, ఇక అక్క గురించి మాట్లాడుకోవడానికి మాకేం మిగులుతుంది?