పుల్పిట్ ఎక్కిన మేక

రంగత్‌లో మా తెలుగు చర్చి ఇంకా రేకుల షెడ్డుగా ఉన్న రోజుల్లో, ఆదివారం పూట పిల్లలకు తెలుగు చదవడం నేర్పే పని నాది. నేర్పడమంటే పెద్దమాటే. వాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో హిందీ చదువుతారు, నా ముందు కూర్చుని ఆవలిస్తారు. ఆంధ్రా నుంచి తెప్పించిన వాచకంలో మొదటి పాఠమే రైలు. ద్వీపంలో పుట్టిన పిల్లలకు రైలంటే ఏం చెప్పను? పట్టాల మీద పోయే పొడుగు బస్సు అని చెప్పి, నాకే నవ్వొచ్చి ఊరుకున్నాను.

పాస్టరుగారు పోర్ట్ బ్లెయిర్ నుంచి నెలకోసారి వచ్చేవారు. మిగతా వారాలు సంఘపెద్ద మాటే శాసనం. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

"బచ్చాలకి తెలుగు అచ్చరం ఒకటి రాదు టీచరమ్మా. క్రిస్మస్ అయిపోనాక హిందీలోనే చెప్పేద్దాం, బస్. నీకూ తలనొప్పి ఉండదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మానాన్నలు ఓడ దిగినప్పుడు వెంట తెచ్చుకున్నవి ఒక ట్రంకుపెట్టె, ఈ భాష. పెట్టె ఎప్పుడో తుప్పుపట్టి పోయింది.

"క్రిస్మస్ నాడు ఒక్క పిల్ల అందరి ముందూ తెలుగు చదివితే క్లాసు ఉంచుతారా పెద్దయ్యా?"

"సదివితే సూద్దాంలే" అన్నాడు, అది జరిగే పని కాదన్నట్టు.

ఆ ఏడు వర్షాల్లోనే సముద్రం బాగోలేక బోట్లు ఆగిపోయి, చర్చికి ఎదురుగా ఉన్న గెస్ట్‌హౌస్‌లో ఒక విదేశీ ముసలావిడ చిక్కుకుపోయింది. పాటలు విని చర్చిలోకి వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. తనది మా మతం కాదనీ, హీబ్రూలో చిన్నపిల్లల కథలు రాస్తుందనీ నా వచ్చీరాని ఇంగ్లీషుకు అందేలా చెప్పింది. ఆ పూట లేచి వెళ్తూ తన పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టింది.

అది సంఘపెద్ద కంటబడింది. చర్చి గోడ మీది క్యాలెండర్లో హీబ్రూ అక్షరాలతో పది ఆజ్ఞల రాతిపలకలున్నాయి. ఆయన ఆ అక్షరాలనూ పుస్తకం అట్టనూ మార్చి మార్చి చూశాడు. అట్ట మీద మేక బొమ్మ ఉంది.

"బలిపశువు" అన్నాడు భక్తిగా.

కథల పుస్తకమని నేను నోరు తెరిచేలోపు కళ్లకద్దుకుని తీసుకుపోయాడు. మడిచిన తెల్లగుడ్డ పరిచి, పాస్టరుగారు నిలబడి ప్రసంగించే పుల్పిట్ మీద పెట్టాడు. భయభక్తులతో తెరిచి కూడా చూడలేదు. మరుసటి ఆదివారం సంఘమంతా దాని ముందు తలవంచి నిలబడింది.

బోట్లు ఇంకా కదల్లేదు, ముసలావిడ కూడా మళ్లీ వచ్చింది. తన పుస్తకం ఎక్కడుందో చూసి నన్ను అడిగింది. చెప్పాను. నవ్వు ఆపుకోలేక ఆవిడ ముఖం కందిపోయింది. అందులో ఏముందో చెప్పడానికి అనుమతి అడిగి లేచింది. ఆ మేక పక్కింటివాళ్లు ఆరేసిన బట్టలన్నీ తినేసి, చివరకు ఊరిపెద్దగారి పంచె కూడా నమిలేస్తుందట. నేను ఒక్క ముక్క వదలకుండా తెలుగులో చెప్పాను, పంచె దగ్గర కాస్త గొంతు పెంచి మరీ. పిల్లలు పగలబడి నవ్వారు. సంఘపెద్ద ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నాకేం జాలి కలగలేదు.

ఆ సాయంత్రం గెస్ట్‌హౌస్ వరండాలో టీ తాగుతూ ఆవిడ తన సంగతి చెప్పింది. చిన్నప్పుడు తల్లితో ఓడెక్కి కొత్త దేశం చేరింది. తల్లి జోలపాట ఒక భాష, వీధిలో ఆట ఇంకో భాష. పెద్దయ్యాక పసిపిల్లల బడిలో టీచరయింది. అక్కడున్న పుస్తకాల నిండా మంచు. ఆ పిల్లలు చూసేదేమో ఇసుక, మేకలు. అందుకని మేక కథ తనే చేత్తో రాసి, దారంతో కుట్టి ఇచ్చింది. ఆ తర్వాత ముసలితనం వచ్చేదాకా రాస్తూనే ఉంది.

"మీ పిల్లలు రోజూ ఏం చూస్తారు?" అని అడిగింది.

"బస్సు పడవెక్కడం చూస్తారు" అన్నాను. పోర్ట్ బ్లెయిర్ వెళ్లే బస్సును దారిలో ఫెర్రీ మీదకెక్కించి కాలువ దాటిస్తారు. మాకది మామూలే.

ఆవిడ కప్పు కింద పెట్టేసింది. "బస్సు పడవెక్కుతుందా! మరి ఇంకా ఇక్కడ కూర్చున్నావేం? వెళ్లి రాయి."

రాశాను. 'కోడి బస్సెక్కింది. బస్సు పడవెక్కింది. బస్సులో కోడి కూర్చుంది. పడవలో బస్సు కూర్చుంది.' కార్బన్ పేపరు పెట్టి పన్నెండు ప్రతులు తీశాను. వారం తిరిగేసరికి పిల్లలు, పడవ జెట్టీ చేరాక కోడి ఏం చేస్తుందో తెలుసుకోవాలని ఆ ప్రతుల కోసం కొట్టుకున్నారు. ఒక్కరూ ఆవలించలేదు.

క్రిస్మస్ ఆరాధనలో తొమ్మిదేళ్ల పిల్ల లేచి, ముందు బైబిలు వాక్యం చదివింది, ఆపైన కోడి కథ చదివింది. ఎక్కడా తడుముకోలేదు. అందరం సంఘపెద్ద వైపు చూశాం. ఆయన పంచె సర్దుకుని లేచాడు.

"క్లాసు ఉంటాది" అన్నాడు చివరికి.

ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె లేచి నిలబడింది. ఆయన సొంత కోడలే, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. మామగారి ఎదుట ఆమె గొంతు నేనెప్పుడూ వినలేదు.

"టీచరు దీదీ, నాకు మాటే గానీ చదువు రాదు. అమ్మ మెయిన్‌లాండ్‌కి తిరిగిపోయాక అక్కడి నుంచి రాసిన చిట్టీలన్నీ మామయ్యే చదివి చెప్తారు. నాకూ నేర్పిస్తావా? అవి నేనే చదువుకుంటాను."