నీలం స్వెటర్ పెద్దాయన ఇరవై మూడు ఉదయాలు

2002వ సంవత్సరం, జనవరి. మేము పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో ఉండేవాళ్ళం. నాది తెనాలి, చేసేది ప్రోగ్రామింగ్. పాత కంప్యూటర్ ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకునేవి కాబట్టి 2000 రాగానే 1900 అనుకుని తలకిందులవుతాయని అందరూ బెంబేలెత్తిపోయిన రోజుల్లో, ఆ రెండంకెల్ని నాలుగు చేయడానికి ఒక బీమా కంపెనీ నన్ను ఈ దేశానికి రప్పించింది. తేదీ పుణ్యమా అని ఆస్ట్రేలియా చూసినదాన్ని నేను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

వైటూకే అని పేరుపడ్డ ఆ హడావుడి ముగిశాక నన్ను వేరే పనిలో వేశారు. దాన్ని డీ-డూప్లికేషన్ అంటారు. ఒకే మనిషి ఫైల్లో మూడుసార్లు ఉంటే, ఆ మూడింటినీ పట్టుకుని ఒకటి చేయడం. ఇందుకు ప్రోగ్రాముకి ఏయే వివరాలు కలిస్తే ఇద్దరూ ఒక్కరేనో ముందే చెప్పాలి. ఆ వివరాల జాబితాని మ్యాచ్ కీ అంటాం. నాకీ పని మహా ఇష్టం. ఇంట్లో సింకు నిండా గిన్నెలున్నా పట్టించుకోను గానీ, ఫైల్లో ఒకే మనిషి రెండుసార్లు కనిపిస్తే నాకు ముద్ద దిగదు.

మా వెనక వీధిలో నసీమక్క ఉండేది. నంద్యాల ఆవిడ, ఆసుపత్రిలో డయాలసిస్ నర్సు. కిడ్నీలు పనిచేయని వాళ్ళ రక్తాన్ని యంత్రంతో శుభ్రం చేసే విభాగం అది. అదే ఆసుపత్రి వంటగదిలో సమీరా అని ఒక పాలస్తీనా అమ్మాయి పనిచేసేది. వాళ్ళ నాన్నగారికి కూడా కిడ్నీల జబ్బే. ఆయన ఉండేది పాలస్తీనాలోనే, ఆయన ఊరికీ ఆసుపత్రికీ మధ్య ఇజ్రాయెల్ సైనికుల చెక్‌పోస్టు ఉంది. దాన్ని నడిచి దాటాలి. దాటనిచ్చేదాకా వరుసలో నిలబడాలి. ఒక్కోరోజు ఆలస్యమై యంత్రం దగ్గర ఆయన వంతు సగం కోతపడేది.

మా పేట చర్చి హాలులో రిటైరైన టీచర్లూ నర్సులూ కొందరు ఒక చిన్న బృందంగా ఉండేవాళ్ళు. వంతులవారీగా అక్కడికి వెళ్ళి, అక్కడి ఇజ్రాయెలీ ఆడవాళ్ళు కొందరితో కలిసి చెక్‌పోస్టుల దగ్గర నిలబడేవాళ్ళు. అడ్డుపడరు, వాదించరు. చూసింది చూసినట్టు రాస్తారు, అంతే. ఆ జనవరిలో వెళ్ళినావిడ హెలెన్, ముప్ఫై ఏళ్ళు చిన్న పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. సమీరా ఆవిడ చేతులు పట్టుకుని, మా నాన్న దాటే గేటు దగ్గరే నిలబడతారా అని అడిగిందట. హెలెన్ సరేనంది.

గేటు దగ్గర ఎక్కువసేపు ఆగిపోయిన ఒక్కో మనిషికీ ఒక్కో కాగితం. పేర్లు రాయరు, ఎవరికీ చేటు రాకూడదని. ఆనవాళ్ళు మాత్రమే. ఎప్పుడొచ్చారు, ఎప్పుడు దాటారు, ఏం చూపించారు, ఏం జవాబొచ్చింది. సాయంత్రం వాటిని చర్చి హాలుకి ఫ్యాక్స్ చేసి అసలు కాగితాలు చించేసేవాళ్ళు. ఇక్కడ గుట్టలు పేరుకుపోతుంటే నసీమక్క నా మీద పడింది.

"శనివారం పొద్దున నువ్వు చేసే ఘనకార్యం ఏముండాది గాని, వచ్చి ఆ కాగితాలు కంప్యూటర్‌లో ఎక్కించు విజ్జీ. సమీరావాళ్ళ నాయన కోసం అక్కడ లాయరమ్మ అర్జీ పెడుతుందంట. కారులో ఆసుపత్రికి పోయేదానికి పర్మిట్ కావాలని. దానికి లెక్కగా రిపోర్టు కావాలంట."

వెళ్ళాను. మొదటి శనివారమే గమనించాను, ఫ్యాక్స్ మధ్యలో తెగిపోయి అదే కాగితం రెండు మూడుసార్లు వస్తోంది. నాకు చేతులు దురద పెట్టాయి. ఇంటికెళ్ళి చక్కటి డీ-డూప్లికేషన్ ప్రోగ్రాం రాశాను. మ్యాచ్ కీలో ఆనవాళ్ళు, గేటు, చూపించిన కాగితం, వచ్చిన జవాబు పెట్టాను. తేదీ పెట్టలేదు. ఎందుకంటే రాసేవాళ్ళలో కొందరు రోజు ముందు రాస్తారు, కొందరు నెల ముందు రాస్తారు, జనవరి రెండో ఫిబ్రవరి ఒకటో తేలదు. నమ్మలేని వివరాన్ని కీలో పెట్టకూడదని మా వృత్తిలో పద్ధతి. పద్ధతి ప్రకారం తేదీని పక్కన పెట్టాను.

మొత్తం గుట్ట నాలుగు పేజీల్లో ఇమిడిపోయింది. ప్రోగ్రాం వద్దన్న కాగితాలన్నీ ఒక అట్టపెట్టెలో వేసి, పారేద్దామని కారు డిక్కీలో పెట్టుకున్నాను. పారేయడానికి తీరిక దొరకలేదు. నా బద్ధకానికి నేను మొక్కుకోవలసిన సందర్భం జీవితంలో అదొక్కటే.

ఫిబ్రవరి చివర ఒక శనివారం రిపోర్టు అచ్చు తీసి నసీమక్క చేతిలో పెట్టాను. గురువారంలోగా లాయరుకి చేరాలి. సమీరా కూడా వచ్చి కూర్చుంది. మెచ్చుకోలు కోసం నేను అక్క మొహం చూస్తున్నాను. అక్క కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కో వరుసా చదువుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది.

"నీలం స్వెటర్, నల్ల గొడుగు, ఆసుపత్రి కార్డు. ఈయనే గదా? ఒక్కసారే రాసుండాదే?"

ఆయన రికార్డులు అన్నీ ఒకటేనక్కా, అందుకే కలిపేశానని గొప్పగా చెప్పాను.

అక్క కళ్ళజోడు తీసింది. "డయాలసిస్ మనిషి వారానికి మూడుసార్లు పోవాలమ్మా. పోకపోతే బతకడు. మిగతా దినాలన్నీ యాడ పోయినాయి?"

ఆయన అదే స్వెటర్ వేసుకుని, అదే గేటుకి వచ్చి, అదే కార్డు చూపించి, ఆగమనే అదే జవాబు విన్నాడు. ప్రతిసారీ అంతే. అదే కదా ఆయన కష్టం. దాన్నే నేను పనికిరాని నకళ్ళని ఊడ్చి పెట్టెలో పోశాను. నా రిపోర్టు చూస్తే ఎవరైనా ఏమంటారు? ఎప్పుడో ఒకసారి రెండు గంటలు ఆగాడు, దానికి పర్మిట్ ఎందుకూ అంటారు. తేదీ కోసమే ఈ దేశం వచ్చినదాన్ని, తేదీనే వదిలేశాను.

కాగితాలు ఉన్నాయా అని సమీరా మెల్లగా అడిగింది.

కారు దగ్గరికి పరుగెత్తాను. అప్పటి ఫ్యాక్స్ కాగితం వేడికి నల్లబడే రకం. పెర్త్‌లో ఫిబ్రవరి అంటే నడివేసవి, ఆ ఎండలో డిక్కీ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పెట్టె తెచ్చి హాల్లో బల్ల మీద బోర్లించాం. అడుగునున్నవి బాగున్నాయి. పైనున్నవి కొన్ని కాలిన అప్పడాల్లా నల్లగా ఉన్నాయి. ముగ్గురం కూర్చుని ఏరాం. ఒకే రోజు రెండుసార్లు వచ్చిన ఫ్యాక్సులు తీసేస్తే ఆయనవి పద్దెనిమిది దొరికాయి. ఆ నల్లటివాటిలో ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదు.

సమీరా తన సంచీలోంచి గోడ క్యాలెండర్ తీసింది. నాన్న ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఫోన్‌లో మాట్లాడిన ప్రతిరోజూ చిన్న చుక్క పెట్టుకుందట. హెలెన్ అక్కడ నిలబడిన వారాల్లో ఇరవై మూడు చుక్కలున్నాయి. రోజు ముందో నెల ముందో నేను తేల్చలేకపోయిన తేదీలన్నీ ఆ చుక్కలు తేల్చేశాయి. హెలెన్ చేతిరాత సమీరా చదువుతుంటే నేను టైపు చేశాను. ఒక రోజు వాన, గొడుగు పక్కనున్న బాలింతకి ఇచ్చాడు. ఒక రోజు రంగు డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు, లేవమన్నారు. ఒక రోజు హెలెన్ బడి పిల్లల సంగతులు అడిగాడు. ఇవన్నీ రిమార్కుల గడిలో ఉన్నాయి. ఆ గడి కూడా నా మ్యాచ్ కీలో లేదు. కంప్యూటర్ చదవలేదని నేనూ చదవలేదు.

ప్రతి కాగితంలోనూ ఒకే మాట చివర ఉండేది: ఫ్లాస్కులో టీ ఇవ్వబోయాను, గుండె మీద చెయ్యి పెట్టుకుని వద్దన్నాడు. పరాయివాళ్ళ దగ్గర తాగడం ఇష్టం లేదేమో అన్నాను నేను.

నసీమక్క తల అడ్డంగా ఊపింది. "కాదు విజ్జీ. కిడ్నీ పేషెంట్లకి దినానికి ఇన్ని గ్లాసులని మేమే గీత గీస్తాం. నీళ్ళు, టీ, పులుసు, అన్నీ ఆ లెక్కలోనే. పొద్దున్నే తాగేస్తే సాయంత్రానికి మిగలదు."

సమీరా అంతవరకూ ఏడవలేదు. అప్పుడు కాగితం పక్కన పెట్టేసింది. ఇంగ్లీషులోనే అంది, తడబడుతూ, "మా నాన్నకి టీ అంటే ప్రాణం. మా అమ్మ ఉన్నప్పుడు పొద్దున్న మూడు గ్లాసులు తాగేవాడు." నేను కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆ పిల్లని దగ్గరికి తీసుకున్నాను. క్షమించమని అడిగాను. అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను.

మిగిలిన అయిదు తేదీల దగ్గర ఇబ్బంది వచ్చింది. చుక్కలున్నాయి, కాగితాల్లేవు. అన్నీ ఒకేలా ఉన్నాయి కదా, అలాగే రాసేయొచ్చుగా అని నా వేళ్ళు అన్నాయి. ఒకటి చేసింది చాలక లేనివి కల్పించడమా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ అయిదు వరుసల్లోనూ తేదీ వేసి ఇలా రాశాను: "పరిశీలకురాలి కాగితం పాడైంది. ఈ రోజు వివరం సమీరా క్యాలెండర్ నుంచి మాత్రమే. తప్పు డేటా ఎక్కించిన మనిషిది." కింద నా పేరు పెట్టాను. నసీమక్క అది చదివి, నా వీపు మీద ఒక్కటి చరిచి, టీ పెట్టడానికి వెళ్ళింది.

కొత్త రిపోర్టు బుధవారం వెళ్ళింది. ఆయన భాగం ఒక్క వరుస నుంచి ఇరవై మూడు వరుసలైంది. చూడ్డానికి ఏమాత్రం అందంగా లేదు, చెప్పిందే చెప్పినట్టు ఉంది. ఆ తర్వాత మూడు వారాలు ఏ కబురూ లేదు. శనివారాలు వెళ్ళి కాగితాలు ఎక్కిస్తూనే ఉన్నాను, తేదీతో సహా, రిమార్కులతో సహా. నీలం స్వెటర్ వస్తూనే ఉన్నాడు. ఆయన నిలబడిన గంటలు టైపు చేస్తుంటే నాకూ దాహంగా ఉండేది.

నాలుగో శనివారం ఆ వారం ఫ్యాక్సుల్లో ఆయన లేడు.

రెండోసారి వెతికాను. ఆదివారం లేడు, మంగళవారం లేడు, గురువారం లేడు. డయాలసిస్ మనిషి మూడుసార్లూ పోకపోతే ఏమవుతుందో అక్క చెప్పే ఉంది. సమీరాకి చెప్పే ధైర్యం లేక ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న అక్కకి ఫోన్ చేశాను. ఆవిడ వంటగదిలోకి వెళ్ళి సమీరాని పిలిచింది. ఇద్దరూ ఒకే రిసీవర్‌కి చెవులానించి ఉంటారు, వాళ్ళ ఊపిరి వినిపిస్తోంది. నేను ఉన్నమాట చెప్పాను.

అవతల సమీరా నవ్వింది. ఆ వారం ఫోన్ లైన్లు కలవలేదట, అరగంట క్రితమే నాన్న ఫోన్ వచ్చిందట. పర్మిట్ పోయిన శనివారమే చేతికొచ్చింది, మూడు నెలలపాటు చెల్లుతుంది. ఆయన వారమంతా కారులో పక్క దారిన వెళ్ళాడు. హెలెన్ నిలబడే గేటు ముఖమే చూడలేదు. వేళకి ముందే ఆసుపత్రి చేరి, యంత్రం ఖాళీ అయ్యేదాకా కూర్చుని, అక్కడి కుర్చీలు బాగాలేవని నర్సుతో పోట్లాడాడట.

నేను తిరిగి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆయన పేరిట ఆ వారం మూడు గడులు ఖాళీగా ఉన్నాయి. వివరాలు లేవు, నింపండి అని నేను రాసిన ప్రోగ్రామే ఎర్ర అక్షరాల్లో గద్దిస్తోంది.

తర్వాత ఇరవై ఏళ్ళు ఇదే వృత్తిలో ఉన్నాను. కొత్తగా చేరిన పిల్లలు ఇవన్నీ డూప్లికేట్లు, తీసేయమంటారా అని అడిగితే, తేదీలు చూశావా, రిమార్కులు చదివావా అని అడుగుతాను. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. రోజూ ఒకేలా కష్టపడే మనిషికి అది ప్రతిరోజూ కొత్త కష్టమేనని నాకు నేర్పింది ఆయనే. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఖాళీ గడి కనిపిస్తే నింపేదాకా తోచని మనిషిని నేను. ఆ రోజు ఆ మూడింటినీ మాత్రం అలాగే వదిలేసి, కంప్యూటర్ ఆపి, వెళ్ళి ఒక గ్లాసుడు టీ పెట్టుకుని తాగాను.